వాయిదాకి నిలబడిన కూలి

మా అరుగు మీద మొదటిసారి మనిషి నెత్తురు పడింది అవనిగడ్డలో. పొద్దున్నే అరుగు కడిగి, పిల్లకి పాలు పట్టాలని గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. వాకిట్లోకి ఎడ్లబండి వచ్చి అరుగుని ఆనుకుని ఆగింది. బండిలో గడ్డి మీద పాతికేళ్ళ మనిషి ఒకడు తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. తువ్వాలు ఒకప్పుడు తెల్లనిదే అయ్యుంటుంది. పక్కన అతని మేనమామ, ఆరడుగుల మనిషి, మీసాలు చెంపల దాకా. ఏటి నడుమ వాళ్ళ లంకలో ఆయన మాటే మాట. నేను ఆయన్ని బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని.

"ప్లీడరు గారు లేచారా అమ్మాయ్?"

"లేచారండీ. ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి బాబాయ్ గారూ, నెత్తురు కారిపోతోంది."

"ఆస్పత్రి ఎక్కడికి పోద్దమ్మా! కట్టు కట్టేశాక సూత్తే ప్లీడరు గారికేం తెలుద్ది?"

అని తువ్వాలు లాగాడు. ఎడమ చెవి పైనుంచి తెగి, తమ్మె దగ్గర తోలు పట్టుకుని వేలాడుతోంది, నెత్తురు బొట్లు బొట్లుగా అరుగు మీద పడుతోంది. నా చేతిలో గ్లాసు జారి పాలు, నెత్తురు ఒకదానిలో ఒకటి కలిశాయి. మా ఇంటాయన పళ్ళపొడి వేలితోనే బయటికి వచ్చి వంగి చూశారు.

"కొడవలా, గొడ్డలా?"

"కొడవలండి. మినప చేను కాడ."

"డాక్టరు గారు రాసేదాన్ని బట్టి ఉంటుంది. పూర్తిగా ఊడిపోతే మాత్రం పెద్ద దెబ్బ కింద కేసు కడతారు."

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చీ రాగానే పెద్దాయన చెయ్యి మేనల్లుడి చెవి మీదికి వెళ్ళింది. "మావయ్యా! వద్దు మావయ్యా!" అని వాడు బండిలోంచి దూకి మా పెరట్లోకి పరుగెత్తాడు. పెద్దాయన పడీ పడీ నవ్వాడు. సరదాకి చేశాడో, నిజంగానే లాగేవాడో నాకు ఈ రోజుకీ తెలియదు.

దివిసీమలో అదీ ఆచారం. దెబ్బ తగిలినవాడు ముందు ప్లీడరు అరుగెక్కాలి, తరవాత పోలీసు స్టేషను, ఆ తరవాతే ఆసుపత్రి. ఫీజు కూడా గాయాన్ని బట్టే. వాపులకీ కమిలిన దెబ్బలకీ ఒక రేటు, ఎముక విరిగితే ఒకటి, ప్రాణం పోతే అది బందరు సెషన్సు కోర్టుకి వెళ్ళే వ్యవహారం కాబట్టి ఇంకొకటి. డబ్బు లేకపోతే పసుపు కొమ్ములో, మినుములో, అరటి గెలలో తెచ్చి అరుగు మీద పడేసేవారు. ఎదుటివాళ్ళకి దెబ్బలు ఎక్కువ తగిలి తమకేమీ తగలని రోజున ఎదురు కేసు పెట్టడం కోసం తమ్ముడి చేత ఇటుకతో నెత్తి పగలగొట్టించుకుని వచ్చిన వాళ్ళనీ చూశాను. ఆ తమ్ముడు కూడా పాత కక్షలేవో మనసులో పెట్టుకుని కాస్త గట్టిగానే కొట్టేవాడు.

అలాంటి చోటికి పిల్లని చంకన వేసుకుని ఎందుకు వెళ్ళామంటే, అక్కడ తిండి దొరుకుతుందని.

మాది పెదపారుపూడి వైపు పల్లె. నేను మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాను. మా మావగారు పల్లె బడి పంతులు. ఉన్న కాస్త పొలం అమ్మి కొడుకుని మద్రాసు పంపి బి.ఎల్. చదివించారు. మా వాళ్ళలో నల్లకోటు వేసుకున్న మొదటి మనిషి మా ఇంటాయనే. ప్యాసై వచ్చిన ఆదివారం గుళ్ళో పాస్టరు గారు ఆయన్ని నిలబెట్టి ప్రార్థన చేశారు. ఇక మన కష్టాలు గట్టెక్కాయనుకుంది మా అత్తగారు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తరోజులవి. ఆయన బందరులో అన్నిటికంటే పెద్ద ఆఫీసులో చేరారు. మేడ ఇల్లు, కింద హాలు నిండా పుస్తకాల బీరువాలు, బల్లల మీద ఆరేడుగురు జూనియర్లు. మేము ఈడేపల్లిలో ఒక గది అద్దెకి తీసుకున్నాం. మొదటి నెల అయ్యాక అత్తగారు అడిగింది, జీతమెంతరా అని.

"జీతం ఉండదమ్మా. అంత పెద్ద ప్లీడరు దగ్గర పని నేర్చుకోవడమే జీతం."

"మరి మిగతా వాళ్ళేం తింటున్నారు?"

"వాళ్ళ నాన్నలకి పొలాలున్నాయమ్మా. క్యారియర్లు జట్కాలో వస్తాయి."

"మీ నాన్నకీ ఉండేదిరా, నిన్ను చదివించకముందు," అని ఆవిడ పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది.

అదే బందరులో ఒక్క గదిలో నడిపే చిన్న ప్లీడర్లు జూనియరుకి ఎంతో కొంత చేతిలో పెట్టేవారు, అతను లేకపోతే వాళ్ళకి గడవదు కాబట్టి. పెద్దాఫీసుకి ఆ అవసరం లేదు. ఒకడు వెళ్ళిపోతే గుమ్మం బయట పదిమంది ఉండేవారు. గుడివాడలో ఆయన స్నేహితుడొకడు ఒక్కడే ప్లీడరున్న ఆఫీసులో చేరితే, నెలకి నలభై రూపాయలూ మధ్యాహ్నం భోజనమూనట. వెళ్దామండీ అన్నాను నేను. "బియ్యం మిల్లుల ప్రాంసరీ నోట్లు రాసుకుంటూ కూర్చోవడం గుమాస్తా పనే" అన్నారు ఆయన. అప్పటికి ఇంకా మేడ ఆఫీసు మీద ఆయనకి భ్రమ వదల్లేదు.

ఆ పెద్ద ప్లీడరు గారికి చెడ్డ అలవాటు ఒకటి ఉండేది. కోపం వస్తే దగ్గరున్నది విసిరేవాడు. పుస్తకం అయితే జూనియర్లు తప్పుకునేవారు, అది కూడా చదువులో భాగమే అన్నట్టు. ఒకరోజు కాగితాల మీద పెట్టే ఇత్తడి బిళ్ళ విసిరాడు. మా ఇంటాయన తప్పుకోలేదు. కనుబొమ చీరుకుపోయి, చొక్కా జేబు నిండా నెత్తురుతో ఇంటికి వచ్చారు. నేను పసుపు అద్దుతుంటే అత్తగారు ఎదురుగా కూర్చుని, "ఇంత దెబ్బకి ఏమిచ్చాడురా?" అంది.

"వాళ్ళ బల్ల తుడిపించారమ్మా నా చేత," అన్నారు ఆయన.

ఆ రోజుల్లో మా చేతికి వచ్చిన సొంత సంపాదన ఒకటే ఉండేది. ఏ ప్లీడరుకైనా జ్వరం వచ్చినా, పక్క కోర్టులో పని పడినా, కోర్టు వరండాలో ఉన్న జూనియరుని ఎవరినో ఒకరిని పట్టుకుని "మా అయ్యగారి బదులు నిలబడి వాయిదా అడగవయ్యా" అనేవాడు గుమాస్తా. అడిగి బయటికి రాగానే అర్ధరూపాయో రూపాయో చేతిలో పెట్టేవాడు. తమ కేసులోనే ఎదుటి ప్లీడరు రాకపోయినా సరే, ఆయన బదులు లేచి అడగడం బందరు కోర్టులో మర్యాద. దాన్ని తప్పు పట్టినవాళ్ళు లేరు. రేపు మనకి జ్వరం వస్తే వాళ్ళు నిలబడతారు. ఆ నిలబడిన కూలితో మేము రెండేళ్ళు బియ్యం కొనుక్కున్నాం.

కనుబొమ మీది గాయం మానక ముందే ఆయన మేడ ఆఫీసు మానేశారు. దివిసీమలో ప్లీడర్లు తక్కువ, కొట్లాటలు ఎక్కువ అని ఎవరో చెప్పారు. అత్తగారిని పల్లెలో మావగారి దగ్గర వదిలి, బస్సులు మారి, పులిగడ్డ దగ్గర పాయ దాటి అవనిగడ్డ చేరాం. తాటాకు ఇల్లు, ముందు ఇటికల అరుగు. మొదటి నెలలో మా ఇంటికి వచ్చినదంతా కలిపితే మావగారి మూడు నెలల జీతం. లంక పెద్దాయన ఒక్కడే పాడిగేదెని తోలుకొచ్చి కట్టేసి, "పిల్లకి పాలు ఉండాలి గదమ్మా" అన్నాడు. ఆయనకి ఎదుటి లంక వాళ్ళతో మినుము వేసిన భూమి మీద గొడవ. ఏరు పొంగి తీశాక కొత్తగా మేట వేసిన నేల, ఎవరిదని చెప్పడానికి గట్టు లేదు, రాయి లేదు. ఎవరు కోసుకెళ్తే వాళ్ళదే సాగు అని లెక్క. అది ఎవరి సాగులో ఉందో తేల్చే కేసు మా ఇంటాయన చేతిలో ఉంది. మేనల్లుడి చెవి తెగింది ఆ చేలోనే. చెవి కుట్టారు గాని కాస్త వంకరగా అతికింది.

నాకు మాత్రం రోజూ భయమే. గిన్నెలో అన్నం పెడుతూ ఈ అన్నం ఎవరి నెత్తుటి మీద వచ్చిందో అనుకునేదాన్ని. ఆయన కోర్టుకి వెళ్తే తిరిగి వాకిట్లో చెప్పుల చప్పుడు వినిపించేదాకా ప్రభువుని పిలుస్తూనే ఉండేదాన్ని. బందరులో ఆకలి, ఇక్కడ కత్తి. రెండూ లేని చోట ఆయన్ని నిలుపుకోవడం ఎలాగన్నదే నా ప్రార్థన.

మినుము కాయ ముదురుతోందనగా, ఎదుటివాళ్ళు చేలోకి దిగకుండా ఆర్డరు అడిగే రోజు వచ్చింది. పెద్దాయన మనుషులు బండ్లు కట్టుకుని వచ్చి కోర్టు వరండా నిండా కూర్చున్నారు. ఎదుటి ప్లీడరు, ముసలాయన, రాలేదు. ఆయన గుమాస్తా వచ్చి మా ఇంటాయన చేతులు పట్టుకున్నాడట. "మా అయ్యగారికి చలిజ్వరమండీ. ఒక్క వారం వాయిదా అడిగి పుణ్యం కట్టుకోండి." ఈయనకి అది కొత్తా? లేచి నిలబడి, ఎదుటి ప్లీడరు గారికి ఒంట్లో బాగోలేదు, వారం వాయిదా ఇప్పించండి, మాకు అభ్యంతరం లేదు అన్నారు. మేజస్ట్రేటు గారు క్యాంపుకి వెళ్తున్నారట. వారం కాదు, మూడు వారాలు వేశారు.

బయటికి రాగానే గుమాస్తా రూపాయి తీసి ఈయన చేతిలో పెట్టాడు. ఈయన చెయ్యి అలవాటు కొద్దీ ముడుచుకుంది. వరండాలో ఉన్న వాళ్ళంతా చూశారు.

బందరులో వాయిదా అంటే ఒక తేదీ. లంకలో వాయిదా అంటే పంట. మూడు వారాల్లో మినుము ఎదుటివాళ్ళ కళ్ళంలో ఉంటుంది. అంత చదివిన మనిషికి ఆ సంగతి తట్టలేదు. అన్నం తింటూ నాతో చెప్పారు, రూపాయి తీసి గూట్లో పెట్టి.

"ఏవండీ, పెద్దాయన ఏమన్నారు?"

"నాకేసి చూస్తూ బండెక్కాడు."

చెయ్యి కడుక్కోలేదు ఇంకా. వాకిట్లో గేదె అరిచింది. నలుగురు లోపలికి వచ్చారు, చేతుల్లో వెదురు కర్రలు. ముందు చెవి వంకరవాడు. పెద్దాయన వెనక, తడిక దగ్గర నిలబడ్డాడు.

"ఏంటండి ప్లీడరు గారూ, కూడు బాగుందా? మా గేది పాలేనా మజ్జిగ?"

"ఏమిట్రా ఇది, కూర్చోండి, మాట్లాడదాం..."

మొదటి దెబ్బ భుజం మీద పడింది. కంచం ఎగిరి గోడకి కొట్టుకుంది. ఆయన లేవబోతే రెండోది మోకాలి మీద. పిల్ల కెవ్వుమంది. నేను దాన్ని గుంజ పక్క గాదె వెనక్కి తోసి, పొయ్యి దగ్గరున్న కారం గిన్నె తీసుకుని చెవి వంకరవాడి కళ్ళల్లో విసిరాను. వాడు గొడ్డులా అరుస్తూ కింద పడి దొర్లాడు. మరొకడు నా జుట్టు పట్టుకుని ఈడ్చాడు. చేతికందిన రోకలి ఊపితే వాడి ముక్కు చితికింది. వేడి నెత్తురు నా మొహం మీద పడింది. అంతవరకూ కోడిని కూడా కొయ్యని దాన్ని.

తడిక దగ్గర్నుంచి పెద్దాయన గొంతు వినిపించింది, తొందర లేకుండా.

"నెత్తి మీద కాదురా. కుడిసెయ్యి. రూపాయి పట్టింది అదే."

ఇద్దరు ఆయన్ని బోర్లా పడేసి చెయ్యి చాపి, నా రోటి అంచు మీద పెట్టారు. నేను రోకలి వదిలేసి ఆయన మీద పడ్డాను. నా వీపు మీద కర్ర పడింది. ఒక దెబ్బకి నా ఊపిరి ఆగింది, రెండో దెబ్బ నా పక్కనుంచి వెళ్ళి రోటి మీదున్న ఆయన చేతి మీద పడింది. ఎండు కొబ్బరి చిప్ప పగిలినట్టు చప్పుడైంది. ఆయన అరవలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

"బాబాయ్ గారూ!" అని నేనే అరిచాను. "లంచం కాదండీ అది! బందరులో అది కూలి! నిలబడినందుకు కూలి!"

పెద్దాయన లోపలికి ఒక్క అడుగు వేసి నన్ను చూశాడు. మొహంలో కోపం కూడా లేదు.

"రెండు పక్కలా కూలి తీసుకునేవోణ్ణి మా లంకలో ఏం చేత్తారో ఎరుగుదువా అమ్మాయ్? మీరు సదువుకున్నోళ్ళని వదిలేత్తన్నాం."

కళ్ళు కనపడని మేనల్లుణ్ణి భుజాన వేసుకుని, వెళ్తూ వెళ్తూ గేదెని విప్పుకుని తోలుకుపోయారు.

ఆసుపత్రిలో కాంపౌండరు కర్రబద్దలు పెట్టి కట్టు కడుతుండగా ఎదుటి లంక వాళ్ళు అరటిగెల పట్టుకుని వచ్చారు. "మీరు మా కోసం దెబ్బలు తిన్నారు. ఇక మీ కేసు కర్చు మాదే." నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ కోసం తినలేదు నాయనా, బయటికి నడవండి" అన్నాను. ముసలి ప్లీడరు గారు చలిజ్వరంతోనే దుప్పటి కప్పుకుని వచ్చాడు. మంచం పట్టె మీద కూర్చుని, "ఇది నా జ్వరానికి పడిన దెబ్బ బాబూ. నువ్వు కేసు పెట్టు, నేను ఉచితంగా నడుపుతాను" అన్నాడు. మా ఇంటాయన కట్టుకేసి చూసుకున్నారు. ఏ గాయానికి ఎంతో, కోర్టులో ఎలా నిలబెట్టాలో ఆయన కంటే ఎవరికి తెలుసు! పెడదామన్నారు.

ఈలోపల మినప చేలో పెద్ద పోట్లాటే జరిగింది. బరిసెలు లేచాయి. అటు ఒకడు, ఇటు ఒకడు చచ్చిపోయారు. పంట ఎవరికీ దక్కలేదు, తొక్కుళ్ళకి నేలలో కలిసిపోయింది.

మా కేసులో నేను సాక్షిని. బోనెక్కి బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. వాళ్ళ తరఫున బందరు నుంచి వచ్చిన ప్లీడరు, మేడ ఆఫీసులో మా ఇంటాయన పక్కన బల్ల మీద కూర్చున్నవాడే. జట్కాలో క్యారియరు తెప్పించుకునేవాడు.

"నీ భర్త ఆ రోజు ఎదుటివాళ్ళ దగ్గర రూపాయి తీసుకున్నాడా లేదా?"

"తీసుకున్నారండీ."

"ఎందుకు?"

"అది ఆయన జీతమండీ. మీరు తీసుకోలేదా బందర్లో?"

కోర్టులో నవ్వులు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "అడిగినదానికే చెప్పమ్మా" అన్నాడు.

"అడిగారుగా, చెప్తున్నాను. మీ ఇంట్లో బియ్యముండేవి, మీకు ఆ రూపాయి లెక్కలోది కాదు. మేము దాంతోనే అన్నం తిన్నాం. ఆయన చెయ్యికి తెలిసిన జీతం అదొక్కటే. అది లంచమని మాకు ఈ ఊళ్ళో చెప్పారు, చెయ్యి విరగ్గొట్టి."

మేజస్ట్రేటు గారు కలం ఆపి నాకేసి చూశాడు, తరవాత మళ్ళీ రాసుకున్నాడు. మేనల్లుడికీ, ఇంకో ముగ్గురికీ శిక్ష పడింది. పెద్దాయన కర్ర పట్టుకోలేదు గనక వదిలేశారు. వరండాలో పక్కనుంచి వెళ్తూ, "బాగా మాట్టాడావమ్మాయ్. ఇంటికెల్లి సూసుకో" అన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి ఇల్లు లేదు. తాటాకులు పట్టపగలే కాలి కూలిపోయి, దూలాలు ఇంకా పొగలు కక్కుతున్నాయి. పక్కింటి అక్క పిల్లని ఎత్తుకుని రోడ్డు మీద నిలబడి ఉంది. "నీళ్ళు తేనివ్వలేదే చెల్లీ, కర్రలు పట్టుకుని కాపలా కాశారు" అని ఏడ్చింది. నల్లకోటు, చట్టం పుస్తకాలు అన్నీ పోయాయి. ఆ ఇటికల అరుగు ఒక్కటే మిగిలింది. తన దగ్గర కేసు పెట్టుకున్న పార్టీనే జైలుకి పంపిన ప్లీడరు అరుగు ఇంకెవరూ ఎక్కరు. ఆ పూటే బస్సెక్కాం.

గుడివాడలో ఆయన స్నేహితుడు ఉన్న ఆఫీసులోనే ఇంకొకరికి చోటు దొరికింది. జీతం ఆ నలభై కూడా కాదు, ముప్ఫై అయిదే. చెయ్యి సరిగ్గా రాని జూనియరుకి అదే ఎక్కువని గుమాస్తా ఈయన మొహం మీదే అన్నాడు. నెల తిరిగాక అక్కడి ప్లీడరు గారు ఈయన్ని పిలిచి నోట్లు అందించారట. ఈయన ఎడం చెయ్యి చాపారు.

"ఎడం చేత్తో తీసుకుంటావేమిటయ్యా, లక్ష్మిని?"

"కుడిచెయ్యి మూసుకోదండీ."

ప్లీడరు గారు లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆ డబ్బు ఈయన చొక్కా జేబులో తనే పెట్టారట. ఇంటికి వచ్చి ఈ మాట చెప్పి, అంత కొట్టినా ఏడవని మనిషి, గడప మీద కూర్చుని ఏడ్చారు. నేను జేబులోంచి తీసి, మళ్ళీ మా దగ్గరికి వచ్చేసిన అత్తగారి చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళకి అద్దుకుని, బియ్యం సంచీ పట్టుకుని బజారుకి బయల్దేరింది.